ఘరియల్ – నదిని నమ్ముకున్న మొసలి

చెన్నై నుంచి తూర్పు తీర రహదారి మీద మహాబలిపురం వైపు వెళ్తే, సుమారు 40 కిలోమీటర్ల దూరంలో వడనెమ్మేలి అనే ఊరు వస్తుంది. అక్కడ సముద్రపుటొడ్డున ఉన్న మొసళ్ళ బ్యాంకును మీలో చాలామంది చూసే ఉంటారు. ఎండలో నోళ్ళు తెరుచుకుని, రాతిబొమ్మల్లా కదలకుండా పడుకున్న మొసళ్ళను చూసి పిల్లలు ముచ్చటపడతారు. అయితే దీనికి బ్యాంకు అన్న పేరు ఎందుకు వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? డబ్బు దాచుకుని అవసరమైనప్పుడు తీసుకున్నట్టే, మొసళ్ళను ఇక్కడ కాపాడి, సంతతిని పెంచి, అవి కరువైన నదులకు తిరిగి ఇవ్వాలన్నది దీన్ని స్థాపించినవారి ఆలోచన. రోములస్ విటేకర్, జాయ్ విటేకర్ దంపతులు 1976లో దీన్ని ప్రారంభించారు. అప్పటికి ఈ నగరం పేరు ఇంకా మద్రాసే.

మన దేశంలో మూడు రకాల మొసళ్ళున్నాయి. చెరువుల్లో, వాగుల్లో, నదుల్లో ఉండే మంచినీటి మొసలి ఒకటి. నదులు సముద్రంలో కలిసేచోట, మడ అడవుల్లో ఉండే ఉప్పునీటి మొసలి రెండవది. మూడవది ఘరియల్. ఇది మన గోదావరిలో, కృష్ణలో ఉండదు. గంగ, బ్రహ్మపుత్ర, సింధు, మహానది వంటి పెద్ద నదులు దీని పుట్టిళ్ళు. ఈ మూడింటిలోనూ ఎక్కువ ప్రమాదంలో ఉన్నది ఇదే.

ఘరియల్‌ను ఒకసారి చూస్తే మళ్ళీ మరచిపోరు. దాని మూతి పొడుగ్గా, సన్నగా పట్టకారులా ఉంటుంది. అందులో వందకు పైగా పదునైన పళ్ళు ఒకదాని సందులో ఒకటి ఇమిడి ఉంటాయి. మూతి సన్నగా ఉండటం వల్ల నీటిలో దాన్ని చప్పున పక్కకు తిప్పి చేపను ఒడిసిపట్టగలదు. పెద్దదైన ఘరియల్‌కు చేపలే ఆహారం. మనిషిని వేటాడే జంతువు కాదిది. గజేంద్ర మోక్షం కథ విని పెరిగిన మనకు మొసలి అనగానే ఏనుగు కాలు పట్టిన మకరమే గుర్తుకు వస్తుంది. ఈ మూతితో ఏనుగు కాలు కాదు గదా, మేక కాలు పట్టడం కూడా కష్టమే.

వయసు వచ్చిన మగ ఘరియల్ ముక్కు కొన మీద గుండ్రని బుడిపె ఒకటి పెరుగుతుంది. ఉత్తరాదిలో కుండను ఘడా అంటారు. ఆ కుండలాంటి బుడిపెను బట్టే దీనికి ఘరియల్ అన్న పేరు వచ్చింది. మగది దాని సాయంతో చేసే శబ్దాలు చాలా దూరం వినిపిస్తాయి. మగవి 5 మీటర్లకు మించి పెరుగుతాయి. ఇంత పెద్ద జంతువుకు కాళ్ళు మాత్రం బలహీనం. ఒడ్డు మీద శరీరాన్ని ఎత్తి నడవలేక, పొట్ట మీద జారుతూ పోతుంది. అందుకే అది నీటిని వదిలి దూరం పోలేదు. ఒక మడుగు ఎండిపోతే మంచినీటి మొసలి రాత్రికి రాత్రి నడిచి మరో చెరువు చేరుకుంటుంది. ఘరియల్‌కు ఆ దారి లేదు.

దాని సంసారమంతా ఇసుకతో ముడిపడి ఉంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో, నది సన్నబడినప్పుడు, లోతైన మడుగు పక్కన ఉన్న ఎత్తయిన ఇసుక తిన్నె మీద ఆడది గుంట తవ్వి 30 నుంచి 50 దాకా గుడ్లు పెడుతుంది. సుమారు రెండు నెలలు గడిచాక, వర్షాలకు ముందు, లోపలి నుంచి పిల్లల కూతలు వినిపిస్తాయి. అప్పుడు తల్లి ఇసుక తవ్వి వాటిని బయటకు తెస్తుంది. తరువాత తల్లి, ఒక్కొక్కసారి పెద్ద మగది కూడా, పిల్లల గుంపుకు కాపలా ఉంటాయి. ఆ తరువాత వచ్చే వరద ఆ పిల్లల్లో చాలావాటిని కొట్టుకుపోతుంది.

1940 ప్రాంతంలో వేల సంఖ్యలో ఉన్న ఘరియళ్ళు 1970 దశకం నడిమికి రెండు వందలకు పడిపోయాయి. చర్మం కోసం వేట, గుడ్ల దొంగతనం, చేపల వలలు, ఆనకట్టలు అన్నీ కలిసి ఈ పని చేశాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. 1975లో ఐక్యరాజ్యసమితి సంస్థల సాయంతో భారత ప్రభుత్వం మొసళ్ళ పథకాన్ని మొదలుపెట్టింది. నదీ తీరాల నుంచి గుడ్లు సేకరించడం, వాటిని పొదిగించడం, పిల్లలను రెండు మూడేళ్ళు పెంచి నదిలో వదలడం – ఇదీ పద్ధతి. దీనికి కావలసిన సిబ్బందికి శిక్షణ ఇచ్చే కేంద్ర సంస్థ మన హైదరాబాదులోనే ఏర్పడింది.

వడనెమ్మేలిలో పెంపకం బాగా కలిసివచ్చింది. ఇక్కడి మంచినీటి మొసళ్ళు ఏడాదికి రెండుసార్లు గుడ్లు పెట్టాయి. గుడ్డులోని పిల్ల ఆడదా మగదా అన్నది పొదిగే వేడిమిని బట్టి నిర్ణయమవుతుందని ఇక్కడ జరిగిన పరిశోధనలు చూపాయి. 31 డిగ్రీల లోపు ఉంటే ఆడపిల్లలు, 32.5 డిగ్రీల దగ్గర ఎక్కువగా మగపిల్లలు. మొసళ్ళు వందలై, వేలయ్యాయి. చివరకు వాటిని వదలడానికి చోటు లేకపోయింది. 1994లో ప్రభుత్వం విడుదలను ఆపివేసింది. అప్పటి నుంచి బ్యాంకువారు గుడ్లను పొదగనివ్వకుండా తీసివేయవలసి వచ్చింది. 2022లో వెయ్యి మొసళ్ళను గుజరాత్‌లోని జామ్‌నగర్‌కు తరలించే ఏర్పాటు కూడా జరిగింది. జమ చేసిన సొమ్ము పెరిగింది గాని, తీసుకునే నదులు లేకపోయాయి.

ఘరియల్ కథ ఇంకా కఠినమైన పాఠం చెప్పింది. దశాబ్దాల పాటు 5 వేలకు పైగా పిల్లలను నదుల్లో వదిలారు. అయినా 2006 నాటికి సంతానోత్పత్తి వయసున్నవి రెండు వందలకు మించి లేవని తేలింది. పిల్లలను వదిలిన నదుల్లో ఇసుక తవ్వకాలు ఆగలేదు. వలలు తగ్గలేదు. మొసలి ఊపిరితిత్తులతో గాలి పీల్చే జంతువు. వలలో చిక్కి పైకి రాలేకపోతే నీటిలోనే మునిగి చస్తుంది. 2007 డిసెంబరు నుంచి 2008 తొలి నెలల దాకా చంబల్ నదిలో వందకు పైగా ఘరియళ్ళు చనిపోయాయి. వాటి మూత్రపిండాలు చెడిపోయి ఉన్నాయి. యమునలోని విషం చేపల ద్వారా వాటికి చేరి ఉంటుందని శాస్త్రజ్ఞులు అనుమానించారు.

ఆ తరువాతే మన మొసళ్ళ బ్యాంకు చంబల్‌లో ఘరియల్ పరిశోధన మొదలుపెట్టింది. కొన్నింటికి రేడియో పరికరాలు అమర్చి వాటి వెంట తిరిగారు. ఒక్కొక్క జంతువు ఏడాదిలో ఎన్నో కిలోమీటర్ల పొడవునా నదిని వాడుకుంటుందని తెలిసింది. అంటే ఒక మడుగును కాపాడితే చాలదు, నది మొత్తాన్ని కాపాడాలి. ఇప్పుడు మిగిలిన ఘరియళ్ళలో ఎక్కువ భాగం చంబల్‌లోనే ఉన్నాయి. ఒక మంచి వార్త కూడా ఉంది. 2021లో ఒడిశాలోని సాత్కోసియా దగ్గర మహానదిలో, నాలుగు దశాబ్దాల తరువాత, ఘరియల్ తనంతట తాను గుడ్లు పెట్టి పిల్లలను చేసింది.

ఎక్కడో చంబల్‌లో ఉన్న జంతువుతో మనకేం పని అంటారేమో. సంగారెడ్డి దగ్గర మంజీరలో మంచినీటి మొసళ్ళ అభయారణ్యం ఉంది. అదే నీరు హైదరాబాదుకు తాగునీరుగా వచ్చింది. మొసలికి కావలసినవి పారే నీరు, ఇసుక, చేపలు. మన ఊరి ఏటికి, మన బావుల్లో ఊటకు కావలసినవీ అవే. ఇసుక లారీ మీ ఊరి ఏట్లో దిగినప్పుడు అది ఇంటి గోడకే కాదు, ఒక గూటికి కూడా సంబంధించిన ఇసుక అని గుర్తుంచుకోండి. ఈసారి వడనెమ్మేలి వెళ్ళినప్పుడు, ఆ సన్నని మూతి జంతువును పిల్లలకు చూపించి, అది బతకవలసిన చోటు ఈ తొట్టి కాదని కూడా చెప్పండి.