ట్రెజరీ బిల్లు: సర్కారు స్వల్పకాలిక అప్పు

పన్నుల రాబడి ఏడాది పొడవునా ఒకే తీరున ఖజానాకు చేరదు, జీతాలు, పింఛన్లు, వడ్డీలు మాత్రం ఆగవు కనుక, ఈ ఎడాన్ని పూడ్చుకునేందుకు కేంద్ర ప్రభుత్వం ట్రెజరీ బిల్లులనే స్వల్పకాలిక రుణపత్రాలను జారీ చేస్తుంది. 91, 182, 364 రోజుల గడువుగల వీటిని రిజర్వు బ్యాంకు సాధారణంగా ప్రతి బుధవారం వేలం వేస్తుంది. వీటికి విడిగా వడ్డీ ఉండదు. ముఖవిలువకన్నా తక్కువకు అమ్మి, గడువు తీరాక పూర్తి విలువ చెల్లిస్తారు. 100 రూపాయల 91 రోజుల బిల్లు 98.40కి అమ్ముడైతే, మిగిలే 1.60 రూపాయలే కొన్నవారి రాబడి; ఏడాది లెక్కన అది సుమారు 6.52 శాతం.

వేలంతో పనిలేని ‘అడ్‌హాక్’ బిల్లుల కథ వేరు. 1955 నుంచి, కేంద్రం నగదు నిల్వ నిర్ణీత స్థాయికి దిగజారినప్పుడల్లా అవి వాటంతటవే పుట్టి రిజర్వు బ్యాంకు పద్దులో చేరేవి. 1974 తరువాత వడ్డీ 4.6 శాతం వద్దే నిలిచిపోయిన ఈ అప్పు, పేరుకే అప్పు గానీ, నిజానికి కొత్త డబ్బు సృష్టే. 1997 ఏప్రిల్‌లో వాటిని రద్దుచేసి, పరిమితిగల చేబదుళ్ల పద్ధతిని తెచ్చారు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా రాష్ట్రాలకు ట్రెజరీ బిల్లులు జారీచేసే వీలు లేదు. అవి దీర్ఘకాలిక బాండ్లతోను, రిజర్వు బ్యాంకు ఇచ్చే చేబదుళ్లు, ఓవర్‌డ్రాఫ్టులతోను నెట్టుకొస్తాయి. వాటి మిగులు నగదు మాత్రం 14 రోజుల కేంద్ర బిల్లుల్లోకి వెళ్తుంది.