జిగురు కాకుండా ఆగిన తోలు

పశువు తోలును నీళ్లలో వేసి ఉడికిస్తే జిగురు వస్తుంది. పాతకాలపు వడ్రంగులు చెక్కకు చెక్క అతికించింది దాంతోనే. అదే తోలును ఉడికించకుండా సున్నంలో నానబెట్టి, చట్రానికి బిగించి ఆరబెడితే పార్చ్‌మెంట్ అవుతుంది. మధ్యయుగాల యూరప్ తన చట్టాలనూ బైబిళ్లనూ రాసుకున్నది దాని మీదే. ముడిసరుకు ఒకటే కాబట్టి, పార్చ్‌మెంట్ ముసలిదవడమంటే మెల్లగా జిగురు వైపు జారడమే.

ఈజిప్టు పపైరస్ ఎగుమతి ఆపేస్తే గత్యంతరం లేక పెర్గమాన్ రాజ్యంలో దీన్ని కనిపెట్టారని రోమన్ రచయిత ప్లీనీ రాశాడు. కథ బాగుంది గానీ, జనం అంతకు చాలా ముందు నుంచే తోళ్ల మీద రాస్తున్నారు. పెర్గమాన్ వాళ్లు పనితనానికి మెరుగులు దిద్ది ఉంటారేమో.

ఆ పనితనం మాత్రం చూడదగ్గది. దూడ, మేక, గొర్రె తోళ్లు కొన్ని రోజులు సున్నపు నీళ్లలో నానితే వెంట్రుకలు ఊడివస్తాయి. చట్రానికి మేకులు కొట్టరు. ఆరేకొద్దీ తోలు ముడుచుకుని మేకు దగ్గర చిరుగుతుంది మరి. అందుకని అంచున ఓ గులకరాయి పెట్టి, తోలును దాని చుట్టూ మడిచి, తాడు బిగించి, ఆ తాడును చట్రానికి కడతారు. ఆరుతున్నకొద్దీ తాళ్లు బిగిస్తూ నెలవంక ఆకారపు కత్తితో గీకుతారు. ఆ లాగుడుకు లోపల అడ్డదిడ్డంగా ఉన్న పీచులన్నీ చదునుగా పరుచుకుంటాయి. మామూలు తోలు సంగతి వేరు. మన దగ్గర తంగేడు చెక్కతో దాన్ని పదును చేసేవారు. నీటినీ వేడినీ తట్టుకునే శక్తి తోలుకు ఆ పదునుతోనే వస్తుంది. పార్చ్‌మెంట్‌కు ఆ పదును లేదు.

దాని పీచు కొలాజెన్ అనే ప్రోటీన్. మూడు పేటల తాడులా పెనవేసుకుని ఉంటుంది. తడీ వేడీ కలిస్తే ఆ పురి విడిపోతుంది. విడిపోయిన పేటలే జెలటిన్, అంటే మొదట చెప్పిన ఆ జిగురే. తడిపిన కొత్త పార్చ్‌మెంట్‌లో ఇది ఇంచుమించు 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర మొదలవుతుంది. ఆమ్లాలూ, గాలిలోని కాలుష్యమూ, అతినీలలోహిత కిరణాలూ పేటలను అక్కడక్కడ తెంపేసి ఉంటే ఇంకా తక్కువ వేడి చాలు. తయారీలో మిగిలిపోయిన సున్నం ఆమ్లాన్ని కొంతకాలం విరుస్తుంది, ఆ తర్వాత రక్షణ తగ్గిపోతుంది.

1731 అక్టోబరు 23న లండన్‌లోని ఆష్‌బర్న్‌హామ్ హౌస్‌లో కాటన్ గ్రంథాలయం అనే పాత చేతిరాత గ్రంథాల భాండాగారం అంటుకుంది. మంట నేరుగా తాకకపోయినా సెగకు ముడుచుకుపోయిన పుటలు ఎన్నో. బేవుల్ఫ్ అనే పాత ఇంగ్లీషు కావ్యానికి మిగిలిన ఒకే ఒక్క ప్రతి అంచులు కాలి బయటపడింది. కానీ నష్టం ఆ రాత్రితో ఆగలేదు. పెళుసెక్కిన అంచులు పుట తిప్పినప్పుడల్లా రాలుతూ వచ్చాయి. 1780లలో థోర్కెలిన్ అనే పండితుడి కోసం రెండు నకళ్లు తయారయ్యాయి. 1845లో ఒక్కో పుటనూ కాగితపు చట్రంలో అమర్చారు. ఈ రెంటి నడుమ రాలిపోయిన అక్షరాలు చాలావరకు ఇవాళ ఆ నకళ్లలోనే దొరుకుతాయి.

మృత సముద్రం పక్కన కుమ్రాన్ గుహల్లో 1947 నుంచి దొరికిన తోలు రాతప్రతుల చుట్టలది ఇంకో తీరు. పొడి గాలి వాటిని రెండు వేల ఏళ్లు కాచింది. అయినా కొన్ని అప్పటికే జిగురుముద్దలయ్యాయి. 1950లలో జెరూసలేంలో పండితులు సిగరెట్లు కాలుస్తూ, కిటికీల వెలుగులో, తునకలను సెల్లోటేపుతో అతికించి అద్దాల మధ్య బిగించారు. టేపు జిగురు తోలులోకి ఇంకి అక్షరాలను నల్లగా కమ్మేసింది. చేసింది వాటిని ప్రాణంగా చూసుకున్నవాళ్లే. గుహ చేసిన నష్టం కన్నా నాకు ఇదే ఎక్కువ కష్టంగా తోస్తుంది. అప్పట్లో నజీబ్ అల్బీనా తీసిన ఇన్‌ఫ్రారెడ్ ఫొటోల వల్ల కొన్ని పాఠాలు దక్కాయి. 1991లో ఇజ్రాయెల్ పురావస్తు శాఖ ప్రత్యేకంగా ఓ ల్యాబ్ పెట్టింది. ఆ టేపును కొంచెం కొంచెంగా ఊడదీయడం అక్కడి పనుల్లో ఒకటి.

తోలు ఎంత క్షీణించిందో తెలుసుకునే పరీక్ష చిన్నదే. కంటికి ఆనీ ఆనని నాలుగు పీచులను నీటి చుక్కలో వేసి, సూక్ష్మదర్శిని కింద మెల్లగా వేడి చేస్తారు. ఏ డిగ్రీ దగ్గర అవి మెలికలు తిరుగుతూ ముడుచుకుంటాయో చూస్తారు. ఆ అంకె బాగా తగ్గితే, ముడతపడ్డ దస్తావేజును తేమ పట్టించి సాపు చేద్దామన్న ఆలోచన అక్కడితో మానుకోవాల్సిందే. ఆ తేమకే అది జెలటిన్ అయిపోవచ్చు.