తుప్పును ఆపే పాచి

గోపాలపూర్ తీరంలో గానీ, యానాం దగ్గర గానీ పడవలు నడిపేవారికి తుప్పు సంగతి వేరే చెప్పనక్కరలేదు. నీరు, ప్రాణవాయువు కలిస్తే ఇనుము తుప్పు పడుతుంది. ఉప్పు తోడైతే ఆ పని మరింత వేగంగా సాగుతుంది. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి మరి!

నీటిలో ఉన్న ఇనుమును తాకి చూడండి. చేతికి జారుడుగా పాచి తగులుతుంది. అది వట్టి మురికి కాదు. లెక్కలేనన్ని బ్యాక్టీరియాలు తమలో ఊరిన జిగురుతో కట్టుకున్న ఇల్లు. శాస్త్రజ్ఞులు దీన్ని బయోఫిల్మ్ అంటారు. మనం జీవపొర అందాం.

ఈ పొరలో ఇనుముకు మిత్రులూ ఉన్నారు, శత్రువులూ ఉన్నారు. గాలి చొరని చోట బతికే కొన్ని బ్యాక్టీరియాలు నీటిలోని సల్ఫేటును వాడుకుని, కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడును విడుస్తాయి. వీటివల్ల ఇనుము నల్లబడి గుంటలు పడుతుంది. గాలి పీల్చే బ్యాక్టీరియాల పద్ధతి వేరు. అవి ప్రాణవాయువును తామే వాడేసుకుని ఉక్కు దాకా పోనివ్వవు. అమెరికా శాస్త్రజ్ఞులు 1990లలోనే దీన్ని ప్రయోగాలతో చూపించారు.

అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. మిత్రులు ప్రాణవాయువును పీల్చేస్తే, వారి అడుగునే శత్రువుకు గాలిలేని చోటు దొరుకుతుంది. పైగా జీవపొర అంతటా సమంగా పరుచుకోదు, ఎల్లకాలం నిలవదు.

దీనికి ఒక మార్గాన్ని 2018లో చైనా శాస్త్రజ్ఞులు ప్రకటించారు. సూడోఆల్టెరోమోనాస్ లైపోలిటికా అనే సముద్రపు బ్యాక్టీరియా ముందు ఉక్కు మీద జీవపొర కడుతుంది. తరువాత ఆ పొరలో కాల్సైట్ పేరుకుంటుంది. సున్నపురాయిలో ఉండే ఖనిజం ఇదే. జిగురు, కాల్సైట్ వరుసలు వరుసలుగా కలిసి గట్టి పూతలా ఏర్పడతాయి. ఎక్కడైనా దెబ్బతింటే మళ్లీ పూడుకునే గుణం కూడా ఆ పూతకు ఉంది.

ఇది ఇంకా పరిశోధనల మాటే. అందుచేత పాచి మేలు చేస్తుందని విని పడవను అలాగే వదిలేయకండి. మీ పడవకు పట్టిన పాచిలో ఎవరున్నారో కంటికి తెలియదు. గీకి శుభ్రం చేయడం, రంగు వేయడం, ఉక్కుకు బదులు తాను అరిగిపోయే జింకు దిమ్మను బిగించడం, ఇవే నేటికీ మనకు అక్కరకు వచ్చే పనులు.