కాళ్లలో మొదలైన నీరసం పైకి పాకుతోందా? జీబీఎస్‌కు టైమే కీలకం!

గులియన్ బారే సిండ్రోమ్.. 2025 జనవరిలో పుణెను వణికించిన జబ్బు. ఆ తర్వాత ఏపీలోనూ కేసులు బయటపడ్డాయి. విరేచనాలో, జలుబో తగ్గిన కొన్ని రోజులకు రోగనిరోధక శక్తి పొరపాటున సొంత నరాలపైనే దాడి చేస్తుంది. దీంతో కాళ్లలో బలం తగ్గిపోతుంది.

మరి ట్రీట్‌మెంట్ ఏంటి? ఆ దాడిని ఆపడమే! ఇందుకు రెండు మార్గాలున్నాయి. ఒకటి ఐవీఐజీ. దాతల ప్లాస్మా నుంచి తీసిన యాంటీబాడీలను సాధారణంగా 5 రోజులు సెలైన్‌లా ఎక్కిస్తారు. రెండోది ప్లాస్మా మార్పిడి. హాని చేసే యాంటీబాడీలున్న ప్లాస్మాను తీసేస్తారు. రెండూ దాదాపు సమానంగా పనిచేస్తాయి. స్టెరాయిడ్ మాత్రలతో మాత్రం ఉపయోగం లేదు.

లక్షణాలు మొదలైన 2 వారాల్లోపే ఐవీఐజీ ఇస్తే మేలు. కోలుకోవడానికి నెలలు పట్టొచ్చు. నడక తడబడినా, మింగలేకపోయినా, ఊపిరి అందకపోయినా.. ఆలస్యం చేయకుండా ఐసీయూ ఉన్న ఆస్పత్రికి వెళ్లాల్సిందే.