ఇరానీ హోటలు – ఒక బల్ల, నాలుగు కుర్చీలు

హైదరాబాదుకు చదువుకోవడానికి వచ్చిన ప్రతి విద్యార్థికీ రెండు విశ్వవిద్యాలయాలుంటాయి. ఒకటి ఆర్ట్స్ కాలేజీ మెట్ల దగ్గర మొదలవుతుంది. రెండవది ఏదో ఒక ఇరానీ హోటలు బల్ల దగ్గర. మొదటిదాన్ని గురించి ఈ సంచికలో పెద్దలు వ్రాయనే వ్రాస్తారు. పూర్వ విద్యార్థిగా నేను రెండవదాన్ని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ముందుగా ఒక తమాషా సంగతి. ఇరానీ చాయ్ ఇరాన్‌ది కాదు! అక్కడివారు పాలు కలపని తేనీటిని, చక్కెర పలుకు నోట్లో పెట్టుకుని త్రాగుతారు. పంతొమ్మిదవ శతాబ్దం చివరి నుంచీ యజ్ద్, కెర్మాన్ ప్రాంతాలవారు బ్రతుకుతెరువు వెతుక్కుంటూ బొంబాయిలో దిగి, అక్కడినుంచి పూనాకూ, నిజాం రాజధానికీ వచ్చారు. వచ్చి, వాళ్ళ చాయ్‌లో మన పాలు పోశారు. అదీ దీని పుట్టుపూర్వోత్తరం. దానికి జోడు ఉస్మానియా బిస్కట్టు. 1918లో మన విశ్వవిద్యాలయాన్ని స్థాపించిన ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరే దానికీ పెట్టారు. కనుక అది మనకు తోబుట్టువే!

ఇక తయారీ. మూత బిగించిన పాత్రలో నీళ్ళూ టీపొడీ సన్నని సెగ మీద చాలాసేపు 'దమ్' అవుతాయి. ఆవిరి బయటికి పోదు గనుక వాసన నిలుస్తుంది. వేరే గిన్నెలో పాలు మరిగి మరిగి చిక్కబడతాయి. ఆర్డరు వచ్చాకనే రెండూ కప్పులో కలుస్తాయి. అంతసేపు కాగిన డికాక్షను ఒగరుగా ఉండాలి కదా అంటారేమో! పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు టీలోని టానిన్లను పట్టేస్తుంది. ఒగరు తగ్గుతుంది. పాలు ఎక్కువ కావాలంటే 'పౌనా' అనాలి. జేబు తేలికైతే 'వన్ బై టూ'. పక్కన లుఖ్మీ, ఉల్లిపాయ సమోసా, బన్ మస్కా సరేసరి.

అయితే నేను కలం పట్టింది రుచి కోసం కాదు.

మాది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. నా చిన్నతనంలో మా ఊరి టీ కొట్లో రెండు రకాల గ్లాసులుండేవి. ఒక రకం లోపల బల్లమీద. రెండవ రకం బయట చూరులో. మా వాడవాళ్ళు చూరులోని గ్లాసు తీసుకుని, దూరం నుంచి పోయించుకుని, త్రాగి, కడిగి, మళ్ళీ అక్కడే పెట్టాలి. హోటళ్ళలో, దుకాణాలలో కులం పేరిట ఎవరినీ అడ్డగించరాదని 1950లోనే రాజ్యాంగం 15వ అధికరణం చెప్పింది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో చట్టమూ వచ్చింది. ఆ చట్టం మా ఊరి చూరు దాకా రావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

నేను హాస్టల్లో చేరాక ఒకసారి మా నాయన నన్ను చూడ్డానికి వచ్చాడు. ఇరానీ హోటలుకు తీసుకుపోయాను. పాలరాతి బల్ల, ఎదుట ఒక వకీలుగారు, పక్కన ఆటో డ్రైవరు. "క్యా హోనా సాబ్?" అన్నాడు బేరరు, మా నాయనను చూసి. చాయ్ అయిపోయాక ఆయన కప్పు పట్టుకుని లేచి, "ఏడ కడగాలె బిడ్డా?" అన్నాడు. బేరరు వచ్చి కప్పు అందుకుని, బిల్లెంతో కౌంటరుకు కేకవేసి వెళ్ళిపోయాడు.

ఇరానీలు సంఘసంస్కర్తలని నేననడం లేదు. వారిది వ్యాపారం. చవక చాయ్ మీద బ్రతకాలంటే రోజుకు వందల కప్పులు పోవాలి. వచ్చినవాణ్ణి కులమడిగితే గిట్టదు. పైగా వాళ్ళు బయటినుంచి వచ్చినవాళ్ళు. మన ఎక్కువ తక్కువల లెక్క వాళ్ళ ఖాతాలో లేదు. ఇందులో లోటూ ఉంది. ఆ బల్లల దగ్గర ఆడపిల్లలు ఎందరు కూర్చున్నారు? చాలాచోట్ల వాళ్ళకు మిగిలింది 'ఫ్యామిలీ రూము' తెర వెనుక చోటే.

ఆ బల్లలిప్పుడు తగ్గిపోతున్నాయి. మఖ్దూమ్ మొహియుద్దీన్ వంటి కవులూ, రాజకీయవాదులూ కూర్చున్న ఆబిడ్స్ ఓరియంట్ హోటలు లేదు. కారణం తేలికైన లెక్కే: మూలమీది స్థలానికి విలువ పెరిగింది, ఒక చాయ్‌తో రెండు గంటలు కూర్చునేవాడి వల్ల అద్దె రాదు. వారసులకూ వేరే చదువులు, వేరే కొలువులు. చార్మినార్ పక్కన నిమ్రాలో, రెడ్‌హిల్స్ నీలోఫర్‌లో జనం క్రిక్కిరిసే ఉంటారు. అయితే నగరమంతటా నిలబడి త్రాగి పోవడమే ఎక్కువవుతున్నది.

మిత్రులారా, చాయ్ ఎక్కడైనా దొరుకుతుంది. ముక్కూ మొహం తెలియనివాడి ఎదుట సమానంగా కూర్చునే చోటు అంత సులభంగా దొరకదు. మన విద్యార్థి సంఘం క్యాంటీను బాగుచేయించే ఆలోచనలో ఉంటే, ధరలతోపాటు బల్లలూ కుర్చీలూ అడగండి. ఆడపిల్లలు తెర లేకుండా కూర్చునే వీలు అడగండి. సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు మీ ఊరి టీ కొట్టు చూరు కేసి కూడా ఒకసారి చూసి రండి.