మంచం పక్కన మనిషి

డిసెంబరు, జనవరి నెలల్లో టేకులపల్లి చుట్టుపక్కల ఊళ్ళల్లో పగటిపూట ఇంటిపట్టున ఉండేవాళ్ళు తక్కువ. పత్తి చేలల్లో ఏరుడు సాగుతుంటుంది. మిరప తోటలకు నీళ్ళు పెట్టాలి, మందులు కొట్టాలి. కోయగూడెం ఓపెన్‌కాస్టు గని వైపు లారీలు తిరుగుతూనే ఉంటాయి. సరిగ్గా ఈ రోజుల్లోనే బండి మీంచి జారిపడో, చెట్టు మీంచి పడో, పొలం గట్టున కాలు మడతపడో ఇంటి మనిషి మంచాన పడితే ఆ ఇంట్లో ఇద్దరి పని ఆగిపోతుంది. ఒకరు కట్టుతో పడుకుంటారు, ఒకరు ఆ పక్కన ఉండిపోతారు. కొత్తగూడెంలోనో ఖమ్మంలోనో ఆసుపత్రి నుంచి ఇంటికి చేరాక, పలకరించడానికి వచ్చిన చుట్టాలు అడిగేదంతా కట్టు గురించే. ఎన్నాళ్ళకు విప్పుతారు, ఎముక అతికిందా, నొప్పి తగ్గిందా అని. పక్కనున్న భార్యనో భర్తనో చూసి, నీ ఒంట్లో ఎట్లుంది అని అడిగేవాళ్ళు అరుదు. ఈ వ్యాసం ఆ రెండో మనిషి ఒంటి గురించి.

జీవిత భాగస్వామికి సేవ చేసే వృద్ధుల ఆరోగ్యాన్ని రిచర్డ్ షుల్జ్, స్కాట్ బీచ్ అనే అమెరికా పరిశోధకులు నాలుగేళ్ళ పాటు గమనించి, 1999లో ఫలితాలు ప్రకటించారు. సేవ చేస్తూ ఆ భారానికి నలిగిపోతున్నామని చెప్పినవాళ్ళలో మరణాల ముప్పు, అలాంటి బాధ్యత లేనివాళ్ళకంటే 63 శాతం ఎక్కువగా కనిపించింది. ఆ అధ్యయనంలోనే ఇంకో సంగతి ఉంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. సేవ చేస్తున్నా నలిగిపోవడం లేదన్నవాళ్ళలో ఆ ముప్పు అంతగా పెరగలేదు. అంటే మనిషిని దెబ్బతీసేది సేవ కాదు. ఊపిరి తిరగనివ్వని అలసట, దిగులు, నిద్రలేమి. వీటిని తగ్గించే మార్గం కొంతవరకైనా మన చేతిలో ఉంది కాబట్టే ఈ విషయం ఇంత వివరంగా చెప్పుకోవాలి.

అలసట ఒంట్లోకి ఎంత లోతుగా దిగుతుందో ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో జానిస్ కీకోల్ట్-గ్లేజర్ బృందం 1995లో చూపించింది. మతిమరుపు జబ్బు ఉన్న దగ్గరివాళ్ళను చూసుకుంటున్న 13 మంది స్త్రీలను, అదే వయసులో అలాంటి బాధ్యత లేని మరో 13 మందిని తీసుకున్నారు. అందరి చేతి మీదా ఒకే కొలతలో, 3.5 మిల్లీమీటర్ల చిన్న గాయం చేసి, మానేదాకా చూశారు. సేవ చేస్తున్నవాళ్ళ గాయాలు సగటున 9 రోజులు ఆలస్యంగా మానాయి. ఎడతెగని ఒత్తిడిలో ఒంట్లో కార్టిసాల్ వంటి హార్మోన్ల తీరు మారుతుంది. గాయం దగ్గరికి రక్షణ కణాలను రప్పించే సంకేతాలు మందగిస్తాయి. విరిగిన ఎముక మంచంలో ఉన్నవారిదే అయినా, మానే శక్తి తగ్గుతున్నది పక్కనున్నవారి ఒంట్లో.

ఇక్కడ ఎవరైనా అడిగే ప్రశ్న ఒకటుంది. పొద్దున లేస్తే పడుకునే దాకా పనే కదా, మళ్ళీ వ్యాయామం వేరే ఎందుకు? న్యాయమైన ప్రశ్నే. 2019లో మన దేశంలో జరిగిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నట్టు తేలింది. మంచంలో మనిషి చేరాక ఆ లెక్క ఇంకా పెరుగుతుంది. కానీ పనికీ వ్యాయామానికీ ఒంటి మీద పడే ప్రభావం ఒకటి కాదు. 1953లో లండన్‌లో జెరెమీ మోరిస్ బస్సు ఉద్యోగులను పరిశీలించినప్పుడు, కూర్చుని నడిపే డ్రైవర్లకంటే రెండంతస్తుల బస్సులో మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండె జబ్బు తక్కువని తేలింది. పని మంచిదేనని అందరూ అనుకున్నారు. ఆ తర్వాత డెన్మార్క్‌లో ఆండ్రియాస్ హోల్టర్‌మన్ వంటివారు బరువులెత్తే, గంటల తరబడి నిలబడే ఉద్యోగాలు చేసేవాళ్ళను చూస్తే చిత్రం తిరగబడింది. తీరికవేళ చేసే నడక, ఆట గుండెను కాపాడుతున్నాయి. బతుకుదెరువు కోసం రోజంతా చేసే బరువు పని మాత్రం అలా కాపాడటం లేదు.

కారణం ఊహించడం కష్టం కాదు. గుండెకు బలం రావాలంటే అది కాసేపు గట్టిగా కొట్టుకోవాలి, తర్వాత విశ్రాంతి దొరకాలి. సేవలో రెండూ ఉండవు. గుండె వేగం అంత ఎత్తుకు పోదు, పూర్తిగా దిగనూ దిగదు. ఒకే నడుము, ఒకే భుజం మీద భారం పడుతూ ఉంటుంది. కాళ్ళలోని పెద్ద కండరాలకు పని తక్కువ. చలికాలంలో తలుపులు మూసుకుని మంచం చుట్టూ నాలుగడుగులు తిరిగితే, అలిసిపోయామని అనిపిస్తుంది గానీ ఒళ్ళు నెమ్మదిగా సత్తువ కోల్పోతూనే ఉంటుంది.

అన్నిటికంటే ముందు దెబ్బతినేది నడుము. వెన్ను ఏతంలా పనిచేస్తుంది. వంగి, చేతులు చాచి మంచంలోని మనిషిని ఎత్తితే, బరువు వెన్నుపూసకు అర మీటరు దూరాన ఉంటుంది. దాన్ని నిలబెట్టే నడుము కండరం వెన్నుపూసకు దాదాపు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉంది. కాబట్టి 20 కిలోలు ఎత్తాలంటే ఆ కండరం 200 కిలోలంత బలంతో లాగాలి. మన పైశరీరం బరువు దానికి అదనం. అమెరికాలో పనిచోట భద్రతను చూసే జాతీయ సంస్థ శాస్త్రవేత్త థామస్ వాటర్స్ రోగులను ఎత్తేవారి కోసం 2007లో ఒక హద్దు సూచించాడు. అది 16 కిలోలు. 60 కిలోల భర్తను భార్య సగం ఎత్తినా ఆ హద్దు దాటిపోయినట్టే. ఆసుపత్రిలో నర్సులు ఇద్దరు ముగ్గురు కలిసి చేసే పనిని ఇంట్లో ఒక్కరే చేస్తున్నారు.

చలికాలపు తెల్లవారుజాము దీన్ని మరింత ప్రమాదకరం చేస్తుంది. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి డిస్కులు రాత్రి పడుకున్నంతసేపూ నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. పొద్దున మన ఎత్తు సాయంత్రం కంటే సుమారు ఒక సెంటీమీటరో, కాస్త ఎక్కువో పెరిగి ఉండేది అందుకే. ఉబ్బిన డిస్కు వంగడాన్ని తట్టుకోలేదు. అప్పుడు వంగితే దాని మీద పడే ఒత్తిడి పగటి కంటే చాలా ఎక్కువని ప్రయోగశాల పరీక్షలు చూపాయి. ఉదయం లేచిన మొదటి గంటల్లో నడుము వంచకుండా జాగ్రత్తపడిన దీర్ఘకాలపు నడుము నొప్పివాళ్ళకు నొప్పి తగ్గిందని స్టోవర్ స్నూక్ 1998లో చూపించాడు. దీనికి చలి తోడైతే కండరం చల్లబడి బలమూ వేగమూ తగ్గుతాయి. నాలుగున్నరకు దుప్పటి తీసి, నిద్రమత్తులో వంగి, మనిషిని పెరట్లోకి నడిపించడానికి ఎత్తడం నడుముకు అన్నిటికంటే చెడ్డ సమయంలో చేసే అన్నిటికంటే బరువైన పని. రాత్రి మూత్రానికి డబ్బా మంచం పక్కనే పెట్టుకోవడం సిగ్గుపడాల్సిన విషయం కాదు. ఇద్దరి వెన్నులకూ అది రక్ష.

పగలు కూడా ఎత్తడం తగ్గించాలి. అందుకు మంచంతో మొదలుపెట్టాలి. నులక మంచం కిందికి ఉంటుంది, మధ్యలో కుంగుతుంది. దానిలోంచి లేవడం బాగున్నవాళ్ళకే కష్టం. చెక్క మంచం దొరికితే మంచిది. దాని నాలుగు కాళ్ళ కిందా కదలని దిమ్మెలు పెట్టి, కూర్చుంటే మోకాలికంటే తుంటి కాస్త పైకి ఉండేలా ఎత్తు చేస్తే, లేవడానికి కావాల్సిన బలం బాగా తగ్గుతుంది. చేతులు బాగున్నవారైతే కాళ్ళవైపు పట్టెకు ఒక తాడు కట్టి అందిస్తే తామే పట్టుకుని లేచి కూర్చుంటారు. వెన్నుకో పక్కటెముకలకో దెబ్బ తగిలినవాళ్ళు మాత్రం డాక్టరును అడగకుండా ఇది చేయకూడదు. లేపాల్సి వస్తే చంకల కింద చేతులు పెట్టి లాగొద్దు. ముందు పక్కకు తిప్పి, కాళ్ళు మంచం దింపి, మోచేతి మీద తానే లేచేలా చూడాలి. వారి నడుముకు తువ్వాలు గట్టిగా కట్టి దాన్ని పట్టుకోవాలి. ఒంటికి దగ్గరగా నిలబడి, మన మోకాళ్ళు వంచి, ఇద్దరూ ఒకేసారి లేవాలి.

ఇది నడుము కాపాడుకునే ఉపాయం మాత్రమే అనుకుంటే సగమే అర్థమైనట్టు. 1966లో అమెరికాలోని డాలస్‌లో 20 ఏళ్ళ ఆరోగ్యవంతులైన ఐదుగురు యువకులను మూడు వారాలు మంచం మీదే ఉంచారు. వాళ్ళ గుండె, ఊపిరితిత్తుల సత్తువ నాలుగో వంతుకు పైగా పడిపోయింది. 30 ఏళ్ళ తర్వాత, 50 ఏళ్ళ వయసులో, ఆ ఐదుగురినే మళ్ళీ పరీక్షించారు. 30 ఏళ్ళలో పెరిగిన వయసు చేసిన నష్టంకంటే ఆ మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువగా తేలింది. ప్రేమ కొద్దీ ప్రతి పనీ మనమే చేసిపెడితే మంచంలో ఉన్నవారి కండరం కరిగిపోతుంది, మన నడుము విరుగుతుంది. డాక్టరు ఎంత బరువు మోపమన్నాడో అడిగి తెలుసుకుని, ఆ హద్దులో తన పని తనను చేసుకోనివ్వడం ఇద్దరికీ వైద్యమే.

ఇక మన వ్యాయామం. పల్లెల్లో నడకంటే తెల్లారకముందు నడకే అనే నమ్మకం బలంగా ఉంది. చలికాలంలో ఈ అలవాటు మార్చుకోవాలని గట్టిగా చెబుతాను. గుట్టలు, అడవి చుట్టూ ఉన్న ఈ నేలల్లో రాత్రి చల్లబడిన గాలి బరువై పల్లంలోకి జారుతుంది. దాని మీద వెచ్చటి గాలి పొర మూతలా నిలుస్తుంది. పొయ్యిల పొగ, చలిమంటల పొగ, రోడ్డు దుమ్ము పైకి పోలేక మనిషి ఎత్తులోనే తిరుగుతాయి. ఎండ ఎక్కి నేల వేడెక్కితే గానీ ఆ పొర చెదరదు. మరో వైపు చలికి చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది. నిద్ర లేచే వేళ బీపీ ఎలాగూ పైకి పోతుంది. గుండెపోట్లు చలికాలంలో, అందులోనూ ఉదయం పూట ఎక్కువ కావడానికి ఇవన్నీ కలుస్తాయి. పొగమంచు విడిచాక, తొమ్మిది దాటాక నడవడం మేలు. మధ్యాహ్నం ఎండలో ఇంకో లాభం కూడా ఉంది. మన చర్మంలో విటమిన్ డి తయారవడానికి పగలు 11 నుంచి 2 గంటల మధ్య ఎండే అనువైనదని తిరుపతిలో జరిగిన పరిశోధనలు చెప్పాయి. ఎముక అతకాల్సిన వారిని కూడా కాసేపు వాకిట్లో కూర్చోబెడితే సరి.

గంట సేపు వదిలి వెళ్ళే వీలు లేదంటారా? వెళ్ళనక్కర్లేదు. ఒకప్పుడు వ్యాయామం కనీసం పది నిమిషాలు ఆగకుండా చేస్తేనే లెక్క అనేవారు. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ షరతు తీసేసింది. వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు శ్రమ, రెండు రోజులు కండరాలకు బలమిచ్చే పని అంటూనే, ఎంత చిన్న కదలికైనా మేలేనని చెప్పింది. 2022లో ఇమాన్యుయెల్ స్టమటాకిస్ బృందం బ్రిటన్‌లో వ్యాయామం చేసే అలవాటే లేని 25 వేల మంది చేతులకు కదలికలు కొలిచే పట్టీలు కట్టి వచ్చిన వివరాలను పరిశీలించింది. రోజుకు మూడుసార్లు, ఒకటి రెండు నిమిషాల చొప్పున ఆయాసం వచ్చేంత గట్టిగా కదిలినవాళ్ళలో, అసలు అలా కదలనివాళ్ళతో పోలిస్తే మరణాల ముప్పు 38 నుంచి 40 శాతం తక్కువగా కనిపించింది. కదలడం వల్లే తగ్గిందని ఇలాంటి పరిశీలన ఒక్కటే రుజువు చేయలేదు, కానీ సేవలో ఉన్నవాళ్ళకు ఇంతకంటే ఆశ కలిగించే ఫలితం నాకు కనబడలేదు.

నీళ్ళ బిందె కోసం బోరు దగ్గరికి వెళ్ళేటప్పుడు మాట్లాడలేనంత వేగంగా నడవండి. తిరిగి వచ్చేటప్పుడు మామూలుగా. అన్నం ఉడికేలోపు ఎత్తు పీట మీంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోండి. గోడకు అరచేతులు ఆనించి ఒళ్ళు ముందుకు వెనక్కి నెట్టండి. టీ మరిగేటప్పుడు మునివేళ్ళ మీద లేచి మడమలు దించండి. మంచంలో ఉన్నవారు పాదాలు పైకీ కిందికీ ఆడించాల్సి ఉంటుంది, కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా. వారు ఆడిస్తున్నంతసేపూ మీరు పక్కన ఈ మడమల పని చేస్తే రెండూ మరిచిపోకుండా జరుగుతాయి. తెల్లవారుజామున మాత్రం ముందు ఒళ్ళు వెచ్చబడనివ్వండి.

భార్య మంచాన పడి భర్త చూసుకుంటున్న ఇళ్ళూ ఉన్నాయి. పొలంలో మోటుపని అలవాటైన మగవాళ్ళు తమకు వ్యాయామం గొడవ లేదనుకుంటారు. పొలం మానేసి నెలల తరబడి ఇంట్లో కూర్చుంటే వారి సత్తువ ఆ అలవాటును గుర్తుపెట్టుకోదు.

తిండి విషయం క్లుప్తంగా. సేవ చేసేవాళ్ళు మిగిలింది తింటారు, నిలబడి తింటారు. జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం 55 కిలోల స్త్రీకి రోజుకు 46 గ్రాముల ప్రొటీన్ కావాలి. పేషెంటు పళ్ళెంలో గుడ్డు, పప్పు పెట్టినప్పుడు అదే కొలత మీ పళ్ళెంలోనూ పడాలి. చలికి దాహం తెలియదు కాబట్టి నీళ్ళు గుర్తుపెట్టుకుని తాగాలి. రాత్రి నిద్ర ముక్కలైతే మధ్యాహ్నం అరగంట పడుకోవాలి. ఆ అరగంట చుట్టాలు వచ్చినప్పుడు అడిగి తీసుకోవచ్చు. పలకరింపుకు వచ్చినవాళ్ళను మంచం దగ్గర ఓ గంట కూర్చోమని చెప్పి బయటికి నడిచి రావడం వాళ్ళకు చేసే అమర్యాద ఏమీ కాదు.

నడుము నొప్పి పిర్ర దాటి మోకాలి కిందికి పాకితే, పాదం తిమ్మిరెక్కితే, ఛాతీ బిగిస్తే, చిన్న పనికే కొత్తగా ఆయాసం వస్తే, మంచంలో ఉన్నవారు లేచాక చూపించుకుందామని వాయిదా వేయొద్దు. ఛాతీ బిగింపైతే వెంటనే 108కి ఫోన్ చేయాలి. మూత్రం మీద అదుపు తప్పినా, రెండు కాళ్ళూ బలహీనపడినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. కట్టు చూపించడానికి వెళ్ళిన రోజు మీ బీపీ, షుగర్ కూడా పరీక్ష చేయించండి. ఊళ్ళో పల్లె దవాఖాన ఉంటే ఏఎన్ఎం దగ్గర నెలకోసారి బీపీ చూపించుకుని, ఆ అంకెను పేషెంటు మందుల చీటీ పక్కనే రాసిపెట్టుకోండి.