హమ్మయ్య అనిపించే గంట

కదిలిపోతున్న బస్సు వెంట పరుగెత్తి, ఎలాగో ఎక్కి సీట్లో కూలబడగానే మన నోట వచ్చే మాట ‘హమ్మయ్య’. దాన్ని ఒకసారి నిదానంగా పలికి చూడండి. ‘మ్మ’ దగ్గర పెదాలు కలిసి గాలి ముక్కులోంచి సన్నగా జారుతుంది. ‘య్య’ దగ్గరికొచ్చేసరికి ఛాతీ ఖాళీ అయి భుజాలు వాటంతటవే కిందికి దిగుతాయి. గండం గడిచిందని శరీరం తనకు తాను చెప్పుకోవాలంటే ఊపిరిని పొడుగ్గా వదులుతుంది.

ఒత్తిడితో సతమతమయ్యేవారి కోసం బృందంగా యోగ చికిత్స తరగతులు నడపాలనుకునేవారు సాధారణంగా ‘ఏయే ఆసనాలు వేయించాలి?’ అని అడుగుతారు. ఆసనాల పట్టిక కంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఇంకొకటుంది. గదిలో అందరికంటే బెదురుతూ వచ్చిన మనిషికి కూడా ఆ హమ్మయ్య దక్కాలంటే గంటసేపటిని ఎలా అమర్చాలి?

దడ ఎలా పుడుతుంది, ఎలా దిగుతుంది

ప్రమాదం ఎదురైనప్పుడు శరీరం పోరాటానికో పరుగుకో ఎలా సిద్ధమవుతుందో అమెరికన్ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో వివరించాడు. 1936లో హాన్స్ సెల్యే ‘నేచర్’ పత్రికలో మరో సంగతి ప్రకటించాడు. చలి, గాయం, విషం, ఏది పెట్టి బాధించినా ఎలుకల శరీరం ఇంచుమించు ఒకేలా స్పందించింది. అధివృక్క గ్రంథులు ఉబ్బాయి, జీర్ణాశయంలో పుండ్లు పడ్డాయి. మనలోనూ హైపోథాలమస్ పీయూష గ్రంథిని, అది అధివృక్క గ్రంథులను తట్టిలేపితే కార్టిసాల్ రక్తంలోకి వస్తుంది. పాము కనబడినప్పుడు ఈ ఏర్పాటు ప్రాణం కాపాడుతుంది. కానీ ఇంటి అప్పు, పిల్లల ఫీజు, పై అధికారి ఫోను పాములా పక్కకు తప్పుకోవు. హెచ్చరిక రోజూ మోగుతూనే ఉంటే నిద్ర చెడుతుంది, చిరాకు పెరుగుతుంది, బీపీ ఎక్కుతుంది.

ఈ దడను దించే పగ్గం వేగస్ నాడి. 1921లో ఒట్టో లోవీ ఒక కప్ప గుండెకు చేరే ఈ నాడిని ప్రేరేపించి, ఆ గుండె చుట్టూ ఉన్న ద్రవాన్ని మరో కప్ప గుండెకు తగిలించాడు. రెండో గుండె కూడా నెమ్మదించింది. అందుకు కారణం నాడి ఆ ద్రవంలోకి విడిచిన రసాయనం, ఎసిటైల్‌కోలిన్. గాలి పీల్చేటప్పుడు పగ్గం కాస్త సడలి గుండె వేగం పుంజుకుంటుంది. వదిలేటప్పుడు మళ్లీ బిగిసి వేగం తగ్గుతుంది. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నెమ్మదిగా ఊపిరి తీసి వదిలితే ఈ తేడా చాలామందికి వేలికే తెలుస్తుంది. గుండెను నెమ్మదించమని మనం ఆజ్ఞాపించలేం. ఊపిరికి మాత్రం చెప్పగలం, గుండె దాని వెంట నడుస్తుంది.

ఇటలీలో లూచియానో బెర్నార్డి బృందం 23 మందిచేత క్రైస్తవ జపమాల ప్రార్థన, ‘ఓం మణి పద్మే హుం’ మంత్రం చెప్పించి 2001లో ఫలితాలు ప్రచురించింది. రెండింటితోనూ శ్వాస నిమిషానికి సుమారు ఆరుసార్లకు దిగింది. రక్తపోటును సరిదిద్దుకునే సహజ ప్రతిచర్య చురుకైంది. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కొందరిచేత రోజుకు 5 నిమిషాలు, నెలపాటు నిట్టూర్పులాంటి పొడుగాటి శ్వాసలు వదిలించారు. ధ్యానం చేసినవారికంటే వీరిలో ఉల్లాసం ఎక్కువ పెరిగింది.

నా పొరపాటు

కొన్నేళ్ల కిందట నా మొదటి తరగతిని ఉత్సాహం కొద్దీ, ఊపిరిని వేగంగా వదిలే కపాలభాతితో మొదలుపెట్టాను. రెండు నిమిషాలు కాకముందే మూడో వరుసలో ఒకావిడ ఆగిపోయి, చేతులు ముందుకు చాపి తన వేళ్లనే చూసుకుంటోంది. ముఖం పాలిపోయింది. ‘‘తిమ్మిర్లెక్కుతున్నాయండీ, మూతి కూడా మొద్దుబారుతోంది’’ అంది. ఉన్నట్టుండి గుండెదడతో ఊపిరాడని భయం ఆమెకు అంతకుముందు నుంచే వస్తోందట. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. అతివేగంగా శ్వాసిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. మెదడు రక్తనాళాలు సన్నబడి తల తిరుగుతుంది. రక్తంలో విడిగా తిరిగే కాల్షియం తగ్గి వేళ్లూ పెదాలూ తిమ్మిరెక్కుతాయి. ఆమె దేనికి భయపడుతోందో సరిగ్గా ఆ లక్షణాలనే నేను పుట్టించాను. మరుసటి వారం ఆవిడ రాలేదు. ఇప్పుడు నేను రాసుకునే ప్రతి ప్రణాళికనూ ఆవిడ మళ్లీ వస్తే ఎలా ఉంటుందని ఆలోచించే రాసుకుంటాను.

మొదటి రోజుకు ముందు

చేరేవారితో తలా పది నిమిషాలు విడిగా మాట్లాడాలి. బీపీ, గుండెజబ్బు, మూర్ఛ, నీటికాసులు, గర్భం, ఈమధ్య జరిగిన ఆపరేషన్లు, వాడుతున్న మందులు అడిగి రాసుకోవాలి. తల కిందికి వచ్చే ఆసనాలు కంటిలోపలి ఒత్తిడిని పెంచుతాయి కనుక నీటికాసులున్నవారికి అవి వద్దు. బీపీ ఎక్కువున్నవారికి ఊపిరి బిగబట్టే కుంభకం వద్దు. తీవ్రమైన మానసిక వ్యాధికి చికిత్స పొందుతున్నవారిని డాక్టరు సలహాతోనే చేర్చుకోవాలి. యోగా మొదలుపెట్టాం కదా అని ఎవరూ మాత్రలు మానకూడదు.

ఒత్తిడిని కొలవడానికి షెల్డన్ కోహెన్ బృందం 1983లో తయారుచేసిన ప్రశ్నావళి ఉంది. దాని పది ప్రశ్నల రూపంలో మార్కులు 0 నుంచి 40 వరకు వస్తాయి. మొదటి వారం ఒకసారి, చివరి వారం ఒకసారి నింపిస్తే మార్పు కళ్లకు కడుతుంది. బృందంలో 10 నుంచి 15 మంది చాలు. అంతకు మించితే ఎవరి ముఖం పాలిపోతోందో ఉపాధ్యాయుడికి కనబడదు.

గంటను పంచే తీరు

మొదటి 5 నిమిషాలు కుదురుకోవడానికి. గోడవారగా నాలుగు కుర్చీలు ముందే వేసి ఉంచండి. కింద కూర్చోలేనివారు మొహమాటంతో అడగరు. ఒక కుర్చీ తలుపు దగ్గర ఉండాలి. బయటికి దారి కనబడుతుంటే బెదురు సగం తగ్గుతుంది.

తర్వాత 20 నిమిషాలు కదలిక. దడతో వచ్చిన మనిషిని రాగానే కళ్లు మూసుకుని కూర్చోమంటే ఆలోచనలు ఇంకా ముసురుకుంటాయి. చేతులు పైకెత్తుతూ పీల్చడం, దించుతూ వదలడంతో మొదలుపెట్టి తాడాసనం, అర్ధకటి చక్రాసనం, మార్జాలాసనం నిదానంగా చేయించాలి. అందరికంటే నెమ్మదిగా చేసేవారి వేగమే బృందం వేగం.

ఆపైన 12 నిమిషాలు శ్వాస. నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. అంకెకో సెకను చొప్పున ఒక్కో శ్వాసకు పది సెకన్లు, నిమిషానికి ఆరు శ్వాసలు. అంత అందనివారు మూడు పీల్చి నాలుగు వదిలినా చాలు. ఆనక భ్రామరి. తుమ్మెద నాదం చేస్తుంటే లెక్క అక్కర్లేకుండానే ఊపిరి పొడుగ్గా బయటికి పోతుంది. హమ్మయ్యలోని ‘మ్మ’ చేసే పనీ అదే. ఆ తర్వాత 15 నిమిషాలు శవాసనం. చివరి 8 నిమిషాలు మాటలకు ఉంచండి. మాట్లాడాలని బలవంతం మాత్రం చేయకండి.

పక్కన మనుషులు

‘నా ఒక్కడికే ఇలా ఉంది’ అనుకుంటూ వచ్చిన మనిషికి పక్క చాప మీది మనిషి కూడా నిద్రపట్టక వచ్చాడని తెలియడమే పెద్ద ఊరట. అయితే పదిమందిలో పరువు పోతుందన్న భయం కూడా బృందంలోనే ఉంటుంది. అందుకే ఉపాధ్యాయుడి భాష ముఖ్యం. ‘కళ్లు మూసుకోండి’ అనే బదులు ‘మూసుకోవచ్చు, లేదంటే నేలమీద ఒకచోట చూస్తుండొచ్చు’ అనాలి. అడగకుండా ఎవరినీ తాకకూడదు. బెసెల్ వాన్ డెర్ కోల్క్ బృందం 2014లో ప్రచురించిన అధ్యయనంలో, పాత గాయాల జ్ఞాపకాలు వదలని మానసిక వ్యాధితో బాధపడుతున్న మహిళలకు ఇలా ఎంపికను వారికే వదిలే యోగా తరగతులు వారానికో గంట, పది వారాలు నడిపారు. చివరికి యోగా చేసినవారిలో 52 శాతం మందికి ఆ వ్యాధి నిర్ధారణ ఇక వర్తించలేదు. ఆరోగ్య విషయాల తరగతులకు మాత్రమే వెళ్లినవారిలో ఇది 21 శాతం.

యోగా పరిశోధనలు చాలావరకు చిన్నవి. తాము చేసేది యోగా అని చేసేవారికి తెలిసే ఉంటుంది కనుక ఉత్తుత్తి మాత్రతో పోల్చినట్టు పోల్చడం కుదరదు. అందుకే వైద్యానికి తోడుగానే దీన్ని నడపాలి. వారానికి రెండుసార్లు, 8 నుంచి 12 వారాలు, ఇంటి దగ్గర రోజూ పది నిమిషాల శ్వాస సాధన ఉండేలా వేసుకున్న ప్రణాళిక ఆచరణకు వీలుగా ఉంటుంది. మధ్యలో ఎవరైనా బతకాలని లేదన్నట్టు మాట్లాడితే తరగతి అయ్యేదాకా ఆగకండి. వారిని ఒంటరిగా వదలకుండా టెలీ మానస్ సహాయవాణి 14416కు ఫోన్ చేయించి, మానసిక వైద్యుడి దగ్గరికి చేర్చండి.

మొన్నటి బృందంలో ఐదో వారం, మాటల వేళ, తలుపు దగ్గరి కుర్చీలోనే కూర్చుంటూ వచ్చిన ఒక పెద్దాయన మొదటిసారి నోరు విప్పారు. ‘‘రాత్రి రెండింటికి మెలకువొచ్చిందండీ. మామూలుగా అయితే తెల్లారేదాకా అప్పు లెక్కలే. నిన్న నాలుగు, ఆరు లెక్కపెట్టుకున్నా. ఎన్నిసార్లు పెట్టానో గుర్తులేదు’’ అన్నారు. ఆయన అప్పు తీరలేదు. ఆ రాత్రికి మాత్రం నిద్ర పట్టింది. గదిలో ఎవరో మెల్లగా ‘హమ్మయ్య’ అన్నారు.